రక్సౌల్ దారిన నేపాల్‌కు: యాత్రికులూ వ్యాపారులూ తెలుసుకోవలసిన సంగతులు

బీహార్‌లోని తూర్పు చంపారణ్ జిల్లా ఉత్తరపు అంచున రక్సౌల్ పట్టణం ఉంది. సిర్సియా నది మీది మైత్రీ వంతెన దాటితే నేపాల్‌లోని బీర్‌గంజ్ వస్తుంది. పటంలో ఇవి రెండు దేశాల ఊళ్ళే అయినా, అక్కడి జనం బతుకులో ఇరుగుపొరుగు పేటలు. ఈ వైపు ఇల్లూ ఆ వైపు కొట్టూ ఉన్నవాళ్ళు, ఆ ఊరి పిల్లను ఈ ఊరికి కోడలిగా తెచ్చుకున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. ఈ బంధాన్ని వాళ్ళు రోటీ-బేటీ సంబంధం అంటారు. రెండు బజార్లలోనూ వినబడేది ఎక్కువగా భోజ్‌పురి. హిందీ వచ్చినవారికి ఎక్కడా ఇబ్బంది ఉండదు. సముద్రతీరం లేని నేపాల్‌కు ఇంధనం, ఉక్కు, ధాన్యం, మందులు, యంత్రాలు, ఓడల్లో వచ్చే కంటైనర్లు చేరే అతి పెద్ద భూమార్గం ఇదే. కాబట్టి ఈ ఊరిని దాటి వెళ్ళే యాత్రికుడు తనకు తెలియకుండానే ఒక దేశం మొత్తం సరుకు నడిచే దారిలో కాలు పెడతాడు.

ఇక్కడ అవస్థ పడినవారిలో చాలామందికి అది నిబంధనల కాఠిన్యం వల్ల వచ్చింది కాదని, తాము ఏ దారికి చెందినవారో ముందుగా తేల్చుకోకపోవడం వల్ల వచ్చిందని నా అభిప్రాయం. రక్సౌల్ – బీర్‌గంజ్ మధ్య మూడు దారులున్నాయి. మొదటిది ఊరి నడుమ నుంచి మైత్రీ వంతెన మీదుగా బీర్‌గంజ్‌లోని శంకరాచార్య ద్వారానికి వెళ్ళే పాత రోడ్డు. నడిచేవారు, సైకిళ్ళు, ఇ-రిక్షాలు, టాంగాలు, సొంత కార్లు వెళ్ళేది ఇటే. రెండవది ఊరి రద్దీకి దూరంగా కట్టిన సమీకృత తనిఖీ కేంద్రం, అంటే ఐ.సి.పి.; సరుకు లారీల దారి అది. భారత్ వైపు కేంద్రం 2016లోనూ, నేపాల్ వైపు కేంద్రం 2018లోనూ ప్రారంభమయ్యాయి. మూడవది రక్సౌల్ స్టేషన్ నుంచి బీర్‌గంజ్ శివారులోని సిర్సియా డ్రై పోర్టుకు, అంటే ఓడరేవు పనులు నేల మీదే జరిగే సరుకు కేంద్రానికి, వెళ్ళే రైలు మార్గం. 2004 నుంచి కంటైనర్ రైళ్ళు నేరుగా అక్కడికి చేరుతున్నాయి. ఇవిగాక కంటికి కనబడని నాలుగవ దారి ఒకటి నేల కింద ఉంది. బీహార్‌లోని మోతీహారి నుంచి నేపాల్‌లోని అమ్లేఖ్‌గంజ్‌కు 69 కిలోమీటర్ల పెట్రోలియం పైపులైను 2019 సెప్టెంబరు 10న ప్రారంభమైంది. అంతకుముందు ఈ వీధుల్లో బారులు తీరిన ట్యాంకర్లలో చాలా భాగం దానివల్లనే తగ్గాయి.

యాత్రికుడు మొదటి దారి మనిషి. వ్యాపారి తన సరుకును బట్టి రెండవ దారికో మూడవ దారికో చెందుతాడు. యాత్రికుడి సంచిలో అమ్మకపు సరుకు ఉందన్న అనుమానం కలిగితే అతణ్ణి వ్యాపారిగానే చూస్తారు. వ్యాపారి తన సరుకును కొద్దికొద్దిగా పాత వంతెన మీదుగా పంపిద్దామనుకుంటే అది దొంగరవాణా అవుతుంది. ఈ విభజన మనసులో ఉంటే తక్కిన నియమాలన్నీ వాటంతట అవే అర్థమవుతాయి.

ఎవరు ఈ దారిన వెళ్ళాలి

నేపాల్‌కు వెళ్ళే తెలుగు యాత్రికులందరికీ రక్సౌల్ సరైన దారి కాదు. కాశీ, అయోధ్య చూసుకుని గోరఖ్‌పూర్ మీదుగా వచ్చేవారికి సునౌలీ సరిహద్దు దగ్గర. లుంబినీకీ, పోఖరాకూ, అక్కడి నుంచి 108 దివ్యదేశాల్లో ఒకటైన ముక్తినాథ్‌కూ వెళ్ళేవారు అటే వెళ్ళడం మేలు. జనక్‌పూర్ ఒక్కటే చూడదలచినవారికి సీతామఢీ వైపునుంచో జయనగర్ వైపునుంచో దారులున్నాయి. గయలో పిండప్రదానం ముగించుకుని పాట్నా మీదుగా పశుపతినాథుని దర్శనానికి వెళ్ళేవారికి, కోల్‌కతా నుంచి వచ్చేవారికి, ఖాట్మండునే ప్రధాన గమ్యంగా పెట్టుకున్నవారికి రక్సౌల్ అనుకూలం. పాట్నా నుంచి రోడ్డు మార్గం సుమారు రెండు వందల కిలోమీటర్లే కానీ, దాన్ని కిలోమీటర్లలో లెక్కించకుండా పూట ప్రయాణంగా లెక్కించాలి. హావ్‌డా నుంచి మిథిలా ఎక్స్‌ప్రెస్, ఢిల్లీ ఆనంద్ విహార్ నుంచి సత్యాగ్రహ్ ఎక్స్‌ప్రెస్ నేరుగా రక్సౌల్ వస్తాయి. హైదరాబాద్ వైపు నుంచి కూడా నేరుగా రైలు సౌకర్యం ఉంది కానీ అది ప్రతిరోజూ ఉండదు, ప్రత్యేక రైళ్ళ తేదీలు మారుతుంటాయి. అందుచేత ముందు రైలు తేదీని చూసుకుని, ఆ తర్వాతే నేపాల్ బసలను ఖాయం చేసుకోవాలి.

రైలు సాయంత్రం ఆలస్యంగా చేరేటట్టుంటే ఆ రాత్రికి సరిహద్దు దాటి బీర్‌గంజ్‌లో బస చేయడం మంచిది. అక్కడ గంటాఘర్ చుట్టుపక్కల, ఆదర్శనగర్‌లో అన్ని స్థాయుల హోటళ్ళూ ఉన్నాయి. తెల్లవారుజామున బయలుదేరే బండ్లు అందుకోవడం కూడా తేలిక.

పత్రాలు

1950 నాటి శాంతి మైత్రీ ఒప్పందం వల్ల భారత పౌరులకు నేపాల్‌లో వీసా అవసరం లేదు. అంత మాత్రాన గుర్తింపు పత్రం లేకుండా బయలుదేరడం తెలివైన పని కాదు. పాస్‌పోర్టు గానీ, ఎన్నికల సంఘం ఇచ్చిన ఓటరు కార్డు గానీ అసలు ప్రతి చేతిలో ఉండాలి. విమానంలో ప్రయాణించేందుకు ఈ రెండే సాధారణంగా చెల్లుతాయి; ఆధార్‌ను పదిహేనేళ్ళ లోపు పిల్లలకూ అరవై ఐదు దాటినవారికీ మాత్రమే అంగీకరిస్తారు. భూమార్గంలో వంతెన దగ్గర ఆధార్ చూపించినా సాధారణంగా వెళ్ళనిస్తారు. కానీ వెళ్ళేటప్పుడు రోడ్డున వెళ్ళి, ఏ కారణం చేతనో తిరుగు ప్రయాణం విమానంలో చేయవలసి వస్తే, ఆధార్ ఒక్కటే తెచ్చుకున్న నడివయసు మనిషి ఖాట్మండు విమానాశ్రయంలో చిక్కుకుంటాడు. డ్రైవింగ్ లైసెన్సును ప్రయాణ పత్రంగా నమ్ముకోకూడదు. పిల్లలకు పాఠశాల గుర్తింపు కార్డుతోపాటు తల్లిదండ్రులతో ఉన్న సంబంధం తెలిపే పత్రం ఉంచుకోవాలి.

అమెరికా నుంచో బ్రిటన్ నుంచో సెలవులకు వచ్చిన పిల్లలను, మనవలను వెంటబెట్టుకుని బయలుదేరే తెలుగు కుటుంబాలకు ఒక విషయం గట్టిగా చెప్పాలి. ఇంట్లో అందరూ కలిసి ఒకే ఇ-రిక్షాలో వంతెన దాటుతున్నా, విదేశీ పాస్‌పోర్టు ఉన్నవారి నియమం వేరు. విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చే ఓ.సి.ఐ. కార్డు భారతదేశానికి సంబంధించినది. నేపాల్‌లో దానికి విలువ లేదు. వారు ముందు రక్సౌల్‌లోని భారత ఇమిగ్రేషన్ కార్యాలయంలో నిష్క్రమణ ముద్ర వేయించుకుని, తర్వాత బీర్‌గంజ్ వైపు నేపాల్ వీసా తీసుకోవాలి. పదిహేను రోజులకు 30, ముప్పై రోజులకు 50 డాలర్ల రుసుము; చిల్లర అవసరం లేకుండా సరిపోయే డాలర్ నోట్లు దగ్గర ఉంచుకోవాలి. మనుషులు ఆగకుండా నడిచిపోయే ఈ వంతెన మీద ఎవరూ పిలిచి ముద్ర వేయించుకోమని చెప్పరు. ఆ కార్యాలయాలను వెతుక్కుంటూ మనమే వెళ్ళాలి. ముద్ర లేకుండా దాటిపోయిన సంగతి నేపాల్ విడిచి వెళ్ళేటప్పుడు బయటపడుతుంది. అప్పుడు జరిగే ఆలస్యం, జరిమానా మొత్తం కుటుంబం మీద పడతాయి.

వంతెన దాటడం

రక్సౌల్ స్టేషన్ నుంచి వంతెన దూరం తక్కువే. ఒకప్పుడు ఈ దారి టాంగాలకు పేరు; ఇప్పుడు ఇ-రిక్షాలు ఎక్కువ. స్టేషన్ బయట బేరం కుదుర్చుకునేటప్పుడు రిక్షా వంతెన దాకానా, బీర్‌గంజ్ బస్‌పార్కు దాకానా, రేటు భారత రూపాయల్లోనా నేపాలీ రూపాయల్లోనా అన్న మూడు విషయాలూ ఎక్కక ముందే తేల్చుకోవాలి. రైల్వే గుమ్టీ దగ్గర గేటు పడితే రోడ్డు రెండు వైపులా బిగుసుకుపోతుంది. సామాను తక్కువగా ఉండి, నడవగలిగినవారైతే అక్కడ దిగి నడవడమే త్వరగా దాటే మార్గం.

వంతెనకు ఈ వైపు సశస్త్ర సీమా బల్ జవాన్లు నిలబడి ఉంటారు. వారు గుర్తింపు పత్రం అడుగుతారు, అప్పుడప్పుడు సంచి విప్పిస్తారు. వంతెన కింద సిర్సియా నీరు ఎండాకాలంలో నల్లగా, నురగతో కదులుతుంది. ఎగువన ఉన్న కార్ఖానాల వ్యర్థాలు అందులోకి వదిలేస్తున్నారన్నది రెండు ఊళ్ళవారి ఏళ్ళనాటి ఫిర్యాదు. ఆ నీటి ఒడ్డునే, సూర్యుణ్ణి కొలిచే ఛఠ్ పండుగనాడు అర్ఘ్యం ఇవ్వవలసి రావడం ఎంత బాధో అక్కడివారిని అడిగితే చెబుతారు. అవతలి ఒడ్డున నేపాల్ పోలీసులు, భన్సార్ సిబ్బంది ఉంటారు. కస్టమ్స్ కార్యాలయాన్నీ, అక్కడ కట్టే సుంకాన్నీ కూడా నేపాల్‌లో భన్సార్ అనే అంటారు. ఈ ఒక్క మాట తెలిస్తే సగం పని సులువవుతుంది. గడియారాన్ని పదిహేను నిమిషాలు ముందుకు జరుపుకోవాలి.

బీర్‌గంజ్ నుంచి రక్సౌల్ బజారుకు వచ్చి పప్పులు, నూనె, బట్టలు కొనుక్కుని వెళ్ళే నేపాలీ గృహిణులను ఈ వంతెన మీద ఎప్పుడూ చూడవచ్చు. వంద నేపాలీ రూపాయల విలువ దాటిన వస్తువులకు భన్సార్ కట్టాలన్న నియమాన్ని 2023లో కఠినంగా అమలు చేసినప్పుడు సరిహద్దు గ్రామాల్లో నిరసనలు జరిగాయి. యాత్రికుల వాడుక వస్తువులను ఎవరూ పట్టించుకోరు. కానీ పెట్టె విప్పని కొత్త ఫోన్లు, పదుల సంఖ్యలో చీరలు, బంధువులకు ఇవ్వడానికంటూ కట్టలుగా తెచ్చిన వస్తువులు ఉంటే వాటికి సుంకం అడగడం వారి విధి. తిరిగి వచ్చేటప్పుడు భారత కస్టమ్స్ వారి తనిఖీ ఇంకా గట్టిగా ఉంటుంది. మూడో దేశాల నుంచి నేపాల్‌కు తక్కువ సుంకంతో వచ్చిన వక్కలు, మిరియాలు, విదేశీ బట్టలు ఈ దారిన దొంగచాటుగా మన దేశంలోకి రావడం పాత సమస్య. విమానంలో వచ్చేవారికి ఉన్నంత సుంకం మినహాయింపు భూమార్గంలో వచ్చేవారికి లేదన్న సంగతి గుర్తుంచుకుని, నేపాల్ బజార్లలో చౌకగా కనబడిన విదేశీ సామాను కొనే ముందు ఆలోచించాలి.

డబ్బు, ఫోను

నూరు భారత రూపాయలకు నూట అరవై నేపాలీ రూపాయలు. 1993 నుంచి మారని స్థిర రేటు ఇది. ఇంతకంటే తక్కువ ఇస్తానన్న మారకందారు కమీషన్ ఎంతో ముందే చెప్పాలి. బీర్‌గంజ్ బజారులో భారత రూపాయలు నేరుగా చెల్లుతాయి. ఖాట్మండులోనూ చాలా చోట్ల తీసుకుంటారు. చిక్కంతా పెద్ద నోట్లతోనే. వంద రూపాయల కంటే పెద్ద భారత నోట్లను నేపాల్‌లో అనుమతించే విషయమై రెండు దేశాల నియమాలూ కొన్నేళ్ళలోనే పలుమార్లు మారాయి. అనుమతి ఉన్నప్పుడు కూడా కొట్టువాడు తీసుకోకపోవచ్చు. అందువల్ల ఖర్చుకు కావలసినంత వంద రూపాయల నోట్లుగా మార్చుకుని బయలుదేరడం పాత పద్ధతే అయినా ఇప్పటికీ అదే క్షేమం. 2024 నుంచి ఫోన్‌పే, భీమ్ వంటి మన యాప్‌లతో నేపాల్‌లోని ఫోన్‌పే నెట్‌వర్క్ క్యూ.ఆర్. కోడ్‌లకు చెల్లించవచ్చు, ఈ నేపాలీ సంస్థ పేరు మన యాప్ పేరులాగే వినబడినా అది వేరే సంస్థ. యాప్‌లో అంతర్జాతీయ చెల్లింపులను ఇంటి దగ్గరే తెరిచి ఉంచుకోవాలి, ఎందుకంటే మన సిమ్ సంకేతం సరిహద్దు దాటిన కొద్ది దూరానికే పోతుంది. బీర్‌గంజ్‌లో గుర్తింపు పత్రం, ఫోటో ఇచ్చి నేపాల్ టెలికాం సిమ్ గానీ ఎన్‌సెల్ సిమ్ గానీ తీసుకోవచ్చు.

కొండదారి ఎంపిక

బీర్‌గంజ్ నుంచి ఖాట్మండుకు వెళ్ళే దారి ఎంపికలో చూపించే శ్రద్ధే ఈ ప్రయాణంలో అన్నిటికంటే ముఖ్యమని నేను భావిస్తాను. బీర్‌గంజ్ నుంచి పథలైయా దాకా రోడ్డు సమతలంగా, ఇరుపక్కలా ఉక్కు, నూనె, సిమెంటు కార్ఖానాలతో సాగుతుంది. భారత్ నుంచి వచ్చే ముడిసరుకు ఎక్కువ దూరం మోయనవసరం లేకుండా ఇక్కడే ఆగిపోతుంది. పథలైయా దగ్గర తూర్పు-పడమర మహేంద్ర రాజమార్గం కలుస్తుంది. అక్కడి నుంచి హెతౌడా చేరాక దారులు చీలుతాయి.

పెద్ద బస్సులు, లారీలు హెతౌడా నుంచి నారాయణ్‌గఢ్, ముగ్లింగ్, నౌబీసే మీదుగా చుట్టు తిరిగి వెళతాయి. దూరం ఎక్కువ, చాలా గంటలు పడుతుంది. నారాయణ్‌గఢ్ – ముగ్లింగ్ మధ్య రోడ్డు త్రిశూలి నది అంచున కొండను కొట్టి వేసినది. 2024 జూలై 12 తెల్లవారుజామున సిమల్‌తాల్ దగ్గర కొండచరియ విరిగిపడి రెండు బస్సులను నదిలోకి తోసేసింది. వాటిలో ఒకటి బీర్‌గంజ్ నుంచి ఖాట్మండుకు వెళుతున్నది. అదే ఏడాది సెప్టెంబరు చివర కురిసిన భారీ వర్షాలకు నౌబీసేకు సమీపంలోని ఝ్యాప్లే ఖోలా దగ్గర మరికొన్ని వాహనాలు మట్టిలో కూరుకుపోయాయి. అందుకే జూన్ నుంచి సెప్టెంబరు దాకా రాత్రి బస్సు ఎక్కవద్దని నా గట్టి సలహా. పగటి వేళ డ్రైవరుకు కొండ కనబడుతుంది, మట్టి జారుతుంటే ముందున్న బళ్ళు ఆగుతాయి. రాత్రి ప్రయాణంలో ఒక పూట హోటలు ఖర్చు మిగులుతుందన్న లెక్కకు ఇక్కడ చోటు లేదు.

రెండవది హెతౌడా నుంచి భీమ్‌ఫేదీ, కులేఖానీ, ఫర్పింగ్ మీదుగా వెళ్ళే దగ్గరి దారి. ఇందులో పెద్ద బస్సులు తిరగవు. సుమోలు, జీపులు మనిషికింత చొప్పున తీసుకుని ఐదారు గంటల్లో చేరుస్తాయి. మలుపులు నిటారుగా ఉంటాయి, వెనక సీట్లలో మనుషులను ఇరికిస్తారు. పెద్దవారు ఉంటే బండి మొత్తం మాట్లాడుకోవడం, లేదా కనీసం మధ్య వరుసలో ఒక సీటు అదనంగా కొనుక్కోవడం మంచిది. దారిలో ఫర్పింగ్ దగ్గరే దక్షిణకాళి ఆలయం ఉంది.

మూడవది త్రిభువన్ రాజపథం. భారత్ సహాయంతో కట్టి 1956లో తెరిచిన ఈ రోడ్డు ఖాట్మండు లోయను మొదటిసారి బయటి ప్రపంచంతో మోటారు మార్గంలో కలిపింది. దానికి ముందు రక్సౌల్ నుంచి అమ్లేఖ్‌గంజ్ దాకా 1927లో వేసిన చిన్న గేజు రైలు ఉండేది. అక్కడి నుంచి భీమ్‌ఫేదీ చేరాక చీసాపానీ, చంద్రగిరి కనుమలు కాలినడకన ఎక్కవలసిందే. అప్పటి నేపాల్ పాలకులైన రాణాల మోటారు కార్లను సైతం ఊడదీయకుండానే వెదురు బొంగుల మీద పెట్టి కూలీలు భుజాన మోసుకెళ్ళారు. ఆ మనుషుల శ్రమను తలచుకుంటూ ఈ దారిన వెళ్ళాలి. రోడ్డు సిమ్‌భంజ్యాంగ్ దగ్గర దాదాపు 2,500 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. దామన్ నుంచి, ఆకాశం తేటగా ఉండే కార్తీక మార్గశిర మాసాల ఉదయాల్లో, హిమాలయ శిఖరాలు బారుగా కనబడతాయి. కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారికి ఈ దారి కష్టం. కానీ సమయం ఉండి సొంత బండి ఉన్నవారు వెళ్ళేటప్పుడో వచ్చేటప్పుడో ఒక్కసారి ఈ దారిన రావలసినదే.

రోడ్డు మూతపడినప్పుడు గానీ, ప్రయాణం భరించలేని ముసలివారు ఉన్నప్పుడు గానీ, బీర్‌గంజ్‌కు దగ్గరలోని సిమరా విమానాశ్రయం నుంచి ఖాట్మండుకు చిన్న విమానాలున్నాయి. గాలిలో ఉండేది ఇరవై నిమిషాల లోపే.

సొంత వాహనంతో వెళ్ళేవారికి

ఆర్.సి., లైసెన్సు, బీమా, కాలుష్య ధ్రువపత్రం అసలు ప్రతులు ఉండాలి. వాహనం ఇంకొకరి పేరున ఉంటే యజమాని ఇచ్చిన అధికార పత్రం తెచ్చుకోవాలి. వంతెన దాటగానే భన్సార్ కార్యాలయంలో, ఎన్ని రోజులు ఉంటారో చెప్పి ఆ మేరకు రోజువారీ సుంకం కట్టి రశీదు తీసుకోవాలి. లెక్కలో వచ్చే రోజు, వెళ్ళే రోజు రెండూ చేరతాయి; కొండదారి ఎప్పుడు మూతపడుతుందో తెలియదు కనుక ఒకరోజు ఎక్కువగా కట్టడం నష్టం కాదు. గడువు దాటాక పట్టుబడితే కట్టవలసిన జరిమానా ఆ ఒకరోజు సుంకానికి ఎన్నో రెట్లుంటుంది. రశీదును అద్దం దగ్గర అందుబాటులో ఉంచుకోవాలి, దారి పొడవునా పోలీసులు అడుగుతారు. బీమా కంపెనీని ఇంటి దగ్గరే అడిగి, నేపాల్‌లో జరిగిన ప్రమాదానికి పాలసీ వర్తిస్తుందో లేదో రాతలో తీసుకోవాలి. వంతెన దగ్గర భన్సార్ చేయించి పెడతామంటూ వెంటపడే దళారులకు డబ్బు ఇచ్చినా, రశీదు మీది వాహనం నంబరు, తేదీలు మీరే సరిచూసుకోవాలి. ఒక్క అంకె తప్పుగా రాసినా దిద్దించుకోవడానికి మళ్ళీ సరిహద్దుకే రావాలి.

సరుకు పంపేవారికి

తెలుగునేల నుంచి నేపాల్‌కు సరుకు పంపే వ్యాపారి ముందుగా తేల్చుకోవలసింది ఆ సరుకు భారత్‌లో తయారైనదా, లేక మూడో దేశం నుంచి మన రేవు మీదుగా నేపాల్‌కు పోతున్నదా అన్నది. ఈ రెండింటి పత్రాలు, చట్టాలు వేరు.

మన సరుకైతే అది ఎగుమతి. మీకు దిగుమతి-ఎగుమతి కోడ్ ఉండాలి, జి.ఎస్.టి. కింద నేపాల్ ఎగుమతి శూన్యపన్ను సరఫరా కనుక, హామీపత్రం ఇచ్చి పన్ను కట్టకుండా పంపవచ్చు, లేదా కట్టి వాపసు తీసుకోవచ్చు. భూమార్గపు కస్టమ్స్ కేంద్రం ద్వారా పంపేటప్పుడు దాఖలు చేసే పత్రాన్ని బిల్ ఆఫ్ ఎక్స్‌పోర్ట్ అంటారు; రక్సౌల్‌లో నమ్మకమైన కస్టమ్స్ బ్రోకర్ చేత వేయించాలి. నేపాల్‌తో లావాదేవీ భారత రూపాయల్లోనే జరుపుకోవచ్చు, డాలర్ మారకం బాధ లేదు. అవతలి వైపు కొనుగోలుదారుకు పాన్ నంబరు, ఎగుమతి దిగుమతుల కోడ్ ఉన్నాయా అన్నది సరుకు లారీకి ఎక్కించక ముందే అడగాలి. అక్కడ కస్టమ్స్ సుంకం మీద 13 శాతం వ్యాట్ కూడా పడుతుంది. ఆ భారం ఎవరిదో ఒప్పందంలో రాసుకోకపోతే లారీ ఐ.సి.పి. ఆవరణలో నిలబడి ఉండగా ఫోన్‌లో తగవు మొదలవుతుంది.

మిరప, ధాన్యం, పండ్లు, విత్తనాలు, చేపలు వంటివి పంపేవారికి అదనపు హెచ్చరిక. మొక్కల సరుకుకు మన వైపు ఆరోగ్య ధ్రువపత్రం, నేపాల్ వైపు దిగుమతి అనుమతి ముందుగా ఉండాలి. ఇన్‌వాయిస్‌లో రాసిన సరుకు పేరు, తూకం, బస్తాల సంఖ్య ధ్రువపత్రంలో ఉన్నవాటితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి. ఒక కాగితంలో ఎండుమిరప అనీ, ఇంకో కాగితంలో మిరప అనీ ఉంటే అధికారి ఆపడంలో తప్పులేదు. ఆగిన ప్రతి రోజూ లారీ అద్దె పెరుగుతుంది, లోపల సరుకు చెడుతుంది, డ్రైవరు రోడ్డు పక్కన కిరోసిన్ పొయ్యి మీద వండుకుంటూ కూర్చుంటాడు.

మూడో దేశపు సరుకు విషయంలో విశాఖపట్నానికి పెద్ద పాత్ర ఉంది. చాలా కాలం నేపాల్‌కు కోల్‌కతా, హల్దియా రేవులే దిక్కు. హుగ్లీ నదిలో లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు అక్కడికి రాలేవు. కంటైనర్లను సింగపూర్‌లోనో కొలంబోలోనో చిన్న ఓడల్లోకి మార్చి తేవలసి వచ్చేది. 2016లో రెండు దేశాలు విశాఖ రేవును కూడా నేపాల్ రవాణాకు తెరవడానికి అంగీకరించాయి. లోతైన రేవు కనుక పెద్ద ఓడలు నేరుగా వస్తాయి. విశాఖలో దిగిన కంటైనర్ రైలెక్కి సిర్సియా డ్రై పోర్టులో దిగుతుంది. కోల్‌కతా నుంచి బీర్‌గంజ్‌కు రైలు దూరం సుమారు 700 కిలోమీటర్లు, విశాఖ నుంచి దానికి రెట్టింపు. అయినా రేవులో నిరీక్షణ తగ్గడం వల్ల చాలా సరుకులకు విశాఖ దారి గిట్టుబాటవుతుంది. ఈ కంటైనర్లకు ఎలక్ట్రానిక్ తాళం వేస్తారు. దారిలో ఎక్కడైనా తెరిస్తే కస్టమ్స్ వారికి సమాచారం వెళుతుంది. భారత కస్టమ్స్ సుంకం వీటికి లేదు. ఓడ కంపెనీ ఇచ్చే సరుకు పత్రమైన బిల్ ఆఫ్ లేడింగ్‌లో తుది గమ్యం బీర్‌గంజ్ అని స్పష్టంగా ఉండాలి. ఖాళీ కంటైనర్‌ను తిరిగి అప్పగించే గడువును, గడువు దాటితే షిప్పింగ్ కంపెనీకి కట్టవలసిన అద్దెను ముందుగా తెలుసుకోవాలి. నేపాల్ దిగుమతిదారులకు ఏళ్ళుగా ఎక్కువ నష్టం తెచ్చిపెట్టింది సరుకు రవాణా కంటే ఈ ఖాళీ పెట్టె అద్దే.

దారి మూసుకునే రోజులు

ఈ సరిహద్దు తెరిచి ఉండటం మీదే నేపాల్ వంటింటి పొయ్యి ఆధారపడి ఉంది కనుక, అది మూసుకున్న రోజులను అక్కడివారు మరచిపోలేదు. 1989లో వాణిజ్య, రవాణా ఒప్పందాల గడువు తీరాక భారత్ రక్సౌల్, జోగ్బనీ తప్ప తక్కిన రవాణా మార్గాలను మూసేసింది. 2015 సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం వచ్చాక, దాన్ని వ్యతిరేకించిన దక్షిణ మైదానపు మధేశీ ఆందోళనకారులు మైత్రీ వంతెన మీదే బైఠాయించారు. 2016 ఫిబ్రవరి దాకా లారీలు కదలలేదు. 2015 భూకంపం నుంచి ఇంకా తేరుకోని దేశంలో వంట గ్యాసు, మందులు కరువయ్యాయి. దాని బాధ్యత ఎవరిదన్న వాదన రెండు దేశాల మధ్య ఇప్పటికీ తీరలేదు. బీర్‌గంజ్ టీ కొట్టులో ఆ మాట వస్తే వాదనకు దిగకుండా వినడం మర్యాద. నేపాల్ చైనా వైపు దారులు వెతకడం వెనుక ఉన్నది ఆ అయిదు నెలల అనుభవమే.

ప్రయాణపు తేదీ నిర్ణయించే ముందు మరికొన్ని చూసుకోవాలి. నేపాల్‌లో గానీ బీహార్‌లో గానీ ఎన్నికలుంటే పోలింగుకు ముందు సుమారు 72 గంటలు సరిహద్దు మూస్తారు. నేపాల్ ప్రభుత్వ కార్యాలయాలకు శనివారం సెలవు. దశైం, తిహార్ పండుగలు మన దసరా దీపావళి రోజులవే; భారత్‌లో పనిచేసే నేపాలీ కార్మికులు ఇంటికి పోయే ఆ వారాల్లో రక్సౌల్ రైళ్ళలో చోటు దొరకదు, సరుకు లారీల వరుస కూడా పెరుగుతుంది. వ్యాపారులు నేపాల్ క్యాలెండరులోని జ్యేష్ఠ 15ను, అంటే మే నెలాఖరును, గుర్తుంచుకోవాలి. నేపాల్ బడ్జెట్ ఆ రోజే వస్తుంది, సుంకాల మార్పు వెంటనే అమల్లోకి వస్తుంది. రేటు పెరగవచ్చన్న సరుకును అంతకు వారం ముందే దాటించడానికి అందరూ ఎగబడతారు.

2025 సెప్టెంబరులో ఖాట్మండులో యువత ఆందోళనలు చెలరేగి విమానాశ్రయం మూతపడినప్పుడు చాలామంది తెలుగు యాత్రికులు హోటళ్ళలో చిక్కుకుపోయారు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రత్యేక విమానం ఏర్పాటు చేసి వారిని రప్పించింది. అటువంటి సమయంలో విమానం ఒక్కటే దారి అనుకోనవసరం లేదు, రోడ్లు ప్రశాంతంగా ఉంటే పగటి పూట హెతౌడా మీదుగా రక్సౌల్ చేరవచ్చు. అయితే ఆ నిర్ణయం భారత రాయబార కార్యాలయాన్ని సంప్రదించాకే తీసుకోవాలి. ఆ కార్యాలయపు అత్యవసర నంబరును ఫోనులోనే కాక కాగితం మీద కూడా రాసి ఇంట్లో ఒకరికి ఇచ్చి వెళ్ళాలి.

తిరుగు ప్రయాణంలో రక్సౌల్ రైలు సాయంత్రమైతే ఖాట్మండు నుంచి అదే రోజు ఉదయం బయలుదేరి అందుకోగలమన్న నమ్మకం పెట్టుకోవద్దు. ముందురోజే కొండ దిగి బీర్‌గంజ్‌లో పడుకోవాలి; వంతెన మీద రద్దీ తక్కువగా ఉండే పొద్దున్నే దాటి, మిగిలిన నేపాలీ రూపాయలను ఈ వైపు స్టేషన్ రోడ్డులో కాక అవతలి వైపే మార్చుకుని రావాలి.